వదలరు, వదలను

ఏప్రిల్ 2

మా ఆవిడ వాడని డైరీ ఒకటి బల్ల సొరుగులో దొరికింది. ముందు పేజీలన్నీ ఖాళీ. వాటిని అలాగే ఉంచి ఇక్కణ్ణుంచి రాస్తున్నాను.

తను పోయి ఇవాళ్టికి తొంభై ఒక్క రోజులు.

ఏప్రిల్ 3

తను ఆడే లీగు నడిపే ఆయన ఫోన్ చేశాడు. అందరూ ఆయన్ని రిఫరీ అంటారట. అసలు పేరు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"మేడమ్ జట్టు మూడు నెలలుగా దిక్కులేకుండా ఉంది సార్. కంప్యూటరే ఆడిస్తోంది. వేరేవాళ్ళకి ఇచ్చేయమంటారా? మీరు చూసుకుంటానంటే మాత్రం మాకు అంతకన్నా ఏం కావాలి."

ఆలోచించి చెబుతానన్నాను. భోజనం దగ్గర అమ్మాయిని అడిగాను.

"నువ్వే చూడు బాబాయ్. నాకు పరీక్షలు."

"నాకు దాని సంగతి తెలీదు."

"నీళ్ళ మీటర్లు తెలుసుగా. అంకెలే."

చూసుకుంటానని చెప్పేశాను.

ఏప్రిల్ 5

ఎనిమిదేళ్ళు పక్కనే ఉండి ఇదేమిటో తెలుసుకోలేదు. బాస్కెట్‌బాల్ అని తెలుసు. బంతి లేదు, మైదానం లేదు. పదహారు జట్లు, ఒక్కో జట్టుకు ఒక్కో మనిషి పెద్ద. ఆటగాళ్ళు రెండు వందల చిల్లర, ఒక్కడూ పుట్టినవాడు కాదు. కంప్యూటరు పుట్టిస్తుంది, కంప్యూటరు ఆడిస్తుంది, పొద్దున్న ఆరింటికి స్కోర్లు పెడుతుంది. ఆరింటికి తను ఫోన్ చూసి నవ్వేది, లేకపోతే తిట్టేది. నేను పళ్ళు తోముకుంటూ వినేవాణ్ణి.

తన జట్టు పేరు 'తీరికలేనివాళ్ళు'.

నియమాల పుస్తకం ఇవాళ మొదటిసారి చదివాను. తెలుగులోకి తెచ్చింది తనే. ఎక్కడ చూసినా తన వాక్యాలే. తొమ్మిదో నియమం ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, ముందు ముందు దీనితోనే పని కాబట్టి.

"మొదటి ఒప్పందం ముగిసిన కుర్ర ఆటగాడికి ఏ జట్టయినా రేటు చెప్పవచ్చు. కానీ మొదటి హక్కు పాత జట్టుదే. మూడు రోజుల్లోగా ఆ రేటు తానూ ఇస్తానని పాత జట్టు చెబితే ఆటగాడు కదలడు. చెప్పకపోతే వెళ్ళిపోతాడు. ఊరుకోవడం అంటే వదిలేయడమే. ఆటగాణ్ణి ఎవరూ అడగరు, అతను లేడు కనుక."

ఆఖరి ముక్క రాసేటప్పుడు నవ్వుకుని ఉంటుంది.

ఏప్రిల్ 7

ఆఫీసులో ఇవాళ పరీక్షించిన మీటర్లు ముప్ఫై ఆరు. ఇంటికొచ్చేసరికి అమ్మాయి గది తలుపు వేసుకుని చదువుకుంటోంది.

ఏప్రిల్ 9, ఆదివారం

అమ్మాయి వాళ్ళ నాన్న వచ్చాడు. ముందుగా ఫోన్ చేసే వచ్చాడు. యాపిల్ పళ్ళు తెచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఓడరేవులో క్రేన్ల ఇంజనీరు, ఇక్కడికి రైల్లో ఏడు గంటల దూరం. నాకు ఆయన మీద ఎప్పుడూ కోపం లేదు. తనకీ ఉండేది కాదు. కుదరలేదు, విడిపోయారు. మా పెళ్ళినాటికి అమ్మాయికి ఎనిమిదేళ్ళు. నన్నేమని పిలవాలన్న పేచీ కూడా రాలేదు. "నాన్న ఉన్నాడుగా, ఈయన బాబాయ్" అని తనే తేల్చేసింది.

అమ్మాయి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన గొంతు తగ్గించాడు.

"దాపరికం లేకుండా చెప్తాను సార్. పిల్ల ఇకమీద మా దగ్గర ఉంటే బాగుంటుందని మా ఇద్దరి ఉద్దేశం. మా ఆవిడే ముందు అంది. కాలేజీ మంచిది, ఇంటికి పది నిమిషాలు. సీటుకి నెలాఖరులోగా చెప్పాలి."

నేను తలూపాను.

"కానీ ఎనిమిదేళ్ళు చూసింది మీరు. ముందు మాట మీదే. మీరు ఇక్కడే ఉండనీ అంటే, నేను మళ్ళీ ఆ మాటెత్తను. ఒట్టు."

"అమ్మాయిని అడిగారా?"

"అడిగాను. బాబాయ్‌ని అడుగు అంది."

"దాని ఇష్టం" అన్నాను.

"మీ ఇష్టం ఏంటని సార్ నేనడిగేది."

"దాని ఇష్టమే."

ఆయన పళ్ళ సంచి బల్ల మీద ఇటు నుంచి అటు జరిపాడు. నెలాఖరుకి ఫోన్ చేస్తానని లేచాడు.

మంచివాడు. అదే ఇబ్బంది.

ఏప్రిల్ 10

పదహారేళ్ళ పిల్ల. నేను ఉండమంటే కాదనదు. అలా కట్టిపడేయడం తప్పు. అందుకే అడగడం లేదు. ఇందులో వేరే ఏమీ లేదు.

ఏప్రిల్ 11

తన బూడిదరంగు నోట్‌బుక్ దొరికింది. జట్ల పెద్దల మీద రాసుకున్న గుట్టు.

"పోస్టుమాస్టరు: పన్నెండు పాయింట్లు దాటితే వదిలేస్తాడు. రెండు రోజులు ఏడుస్తాడు, మూడో రోజు వదిలేస్తాడు."

"అన్నదమ్ములు: ఇద్దరికీ ఒకే జట్టు. ఒకడు అవునంటే ఒకడు కాదంటాడు. ఆఖరి గంటలో చిన్నవాడి మాటే చెల్లుతుంది."

"పళ్ళ డాక్టరు: శుక్రవారం పిచ్చి. వారమంతా పళ్ళు పీకి శుక్రవారం సాయంత్రం మన ఆటగాళ్ళ మీద పడతాడు. పక్కవాడికి ఇష్టమైనదే ఇతనికీ ఇష్టం."

లీగులో జోస్యాల పెట్టె అని ఒక పేజీ ఉంది. మొదటి హక్కు ఆటగాళ్ళకి రేట్లు వచ్చేటప్పుడు, పాత జట్టు ఏం చేస్తుందో మిగతావాళ్ళు ముందే చెప్పాలి. రెండే మీటలు: వదులుతారు, వదలరు. ఎక్కువ సరిగ్గా చెప్పినవాళ్ళు గెలిచినట్టు. తను ఐదుసార్లు గెలిచింది, అంకెల జోలికి పోకుండా. ఎదురుగా మనిషి కూర్చున్నట్టే మాట్లాడేది: "వీడు వదలడు, చూడు, వీడు వదలడు."

నేను అంకెలతో చూస్తాను.

ఏప్రిల్ 14

భోజన విరామంలో పాత సీజన్లన్నీ పట్టికగా వేశాను. తొమ్మిది సీజన్లు, నూట నాలుగు మంది ఆటగాళ్ళు. పాత జట్టు వదలనిది అరవై ఒక్కమందిని. పదింట ఆరు.

ఒక విషయం తేలింది. కొందరు పెద్దలు తమ ఆటగాళ్ళకి ముద్దుపేర్లు పెడతారు. ముద్దుపేరున్నవాళ్ళు నలభైమంది. వాళ్ళలో వదిలింది నలుగుర్నే. ఆట ఎలా ఆడతాడన్నదానితో నిమిత్తం లేదు. పేరు పెట్టారంటే వదలరు.

మా జట్టులో ఈ ఏడు మొదటి హక్కుకి వచ్చేది ఒక్కడే. నత్త. మూడేళ్ళ కిందట అమ్మాయి పెట్టిన పేరు. పరిగెత్తలేడు. బుట్ట కింద నిలబడితే మాత్రం ఎవరూ కదపలేరు.

ఏప్రిల్ 15

అమ్మాయి తన స్నానాల గదిలో కుళాయి కారుతోందని, బాగుచేయించమని అడిగింది. వెళ్ళిపోయే ఉద్దేశం ఉన్నవాళ్ళు కుళాయి సంగతి ఎందుకు అడుగుతారు.

నేనే బాగుచేశాను. అంచనా: ఉంటుంది. ఎనభై శాతం.

ఏప్రిల్ 16, ఆదివారం

అత్తయ్య వచ్చింది. కూతురు పోయాక ప్రతి ఆదివారం వస్తోంది. మూడంతస్తులు ఎక్కి, వచ్చీ రాగానే వంటింట్లో గిన్నెలన్నీ మళ్ళీ కడుగుతుంది.

"అడిగావా నాయనా?"

"దాని ఇష్టం అత్తయ్యా."

"దాని ఇష్టం, దాని ఇష్టం. హోటల్లో సర్వరు నయం, ఇంకేమన్నా కావాలా అని రెండోసారి అడుగుతాడు."

"చిన్నపిల్ల కాదుగా."

"పెద్దవాడివి నువ్వే నోరు విప్పట్లేదు, అది విప్పుతుందా? మీ ఇంట్లో మాట్లాడేది ఒక్కతే ఉండేది. ఇప్పుడు ఇద్దరూ గోడలకి కాపలా కాస్తున్నారు."

ఉతికిన బట్టలు మడతపెట్టి వెళ్ళింది. నా చొక్కాలు, అమ్మాయి చొక్కాలు కలిపేసింది. అమ్మాయి, నేను ఎవరివి వాళ్ళం విడదీసుకున్నాం.

ఏప్రిల్ 18

రేట్లు చెప్పే వారం మొదలైంది. మొత్తం పన్నెండుమంది. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేలోపు ఐదుగురి మీద జోస్యం పెట్టాను.

ఏప్రిల్ 20

ఐదుకి ఐదు. పోస్టుమాస్టరు పదమూడు దగ్గర వదిలేశాడు, సరిగ్గా మూడో రోజు. రిఫరీ సందేశం పెట్టాడు: "సార్, మేడమ్ రికార్డుకి ఎసరు పెడుతున్నారు."

అమ్మాయికి చూపించాను. నవ్వింది.

"నువ్వు ఇంతమంది మనసులు కనిపెడతావా బాబాయ్?"

"మనసులు కాదు. అలవాట్లు."

"రెండూ ఒకటి కావా?"

పుస్తకంలోకి తల వంచేసింది. ఎంతమాత్రం ఒకటి కావని చెప్పాల్సింది. జవాబు తట్టేసరికి అన్నం తిని లేచిపోయింది.

ఏప్రిల్ 21, శుక్రవారం

సాయంత్రం అయిదూ పదికి పళ్ళ డాక్టరు నత్తకి రేటు చెప్పాడు. ఇరవై ఒకటి. తను ఉంటే, చూశావా, శుక్రవారం, అనేది.

మన జట్టు దగ్గర ఖర్చుకి ఇరవై మూడు పాయింట్లున్నాయి. సోమవారం అయిదూ పది దాకా గడువు.

ఏప్రిల్ 22

పొద్దున్న అమ్మాయి భౌతికశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని టీ తాగుతోంది.

"నత్తకి రేటు వచ్చిందట."

"ఇరవై ఒకటి."

"ఎక్కువే."

"ఎక్కువే. పద్నాలుగుకి మించి చేయడు."

"అయితే?"

"చూద్దాం."

కప్పు కింద పెట్టింది. "అమ్మ అయితే ఏం చేసేది?"

"ఈపాటికి నొక్కేసి ఉండేది."

"నువ్వు?"

"నేనూ నొక్కుతాను."

"తప్పదని నొక్కక్కర్లేదు బాబాయ్. లెక్కకి కుదరకపోతే వదిలెయ్."

"లెక్కకి కాదు" అన్నాను.

మిగతా వాక్యం రాలేదు. నువ్వు నత్తకి పేరు పెట్టిన రోజు గుర్తుంది, అని చెప్పాలనుకున్నాను. ఫోన్ తీసి అమ్మాయి ఎదురుగానే నొక్కాను. పచ్చటి టిక్కు పడింది.

"నొక్కాను."

"నిజంగా?"

"నిజంగా."

మధ్యాహ్నం, చాలా రోజుల తర్వాత, మారు అన్నం పెట్టించుకుంది. కిటికీకి కొత్త కర్టెన్ కావాలంది. ఇప్పుడున్నదాంట్లోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతోందట.

అంచనా: తొంభై.

ఏప్రిల్ 24

అమ్మాయి పరీక్షలు అయిపోయాయి. కర్టెన్ గుడ్డ చూడటానికి వెళ్ళాం. నీలమా, బూడిదరంగా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. ఏదీ తీసుకోలేదు. తర్వాత చూద్దాంలే అంది.

ఏప్రిల్ 25

నత్త వెళ్ళిపోయాడు.

ఆరింటికి జాబితా చూశాను. 'తీరికలేనివాళ్ళు' లో పేరు లేదు. పొరపాటు అనుకున్నాను. కింద పళ్ళ డాక్టరు సందేశం. "సార్, మీరు వదులుతారని అనుకోలేదు. మేడమ్ ఉంటే నా చేతికి చిక్కనిచ్చేవారు కాదు. జాగ్రత్తగా చూసుకుంటాను."

ఆఫీసు నుంచి రిఫరీకి ఫోన్ చేశాను. మీటర్ల బెంచీ దగ్గర చప్పుడు ఎక్కువ, బయట మెట్ల మీద నిలబడ్డాను.

"నేను నొక్కాను. శనివారం పొద్దున్నే."

"నొక్కారు సార్. చూస్తున్నాను. ఎనిమిదింటికి. 'వదలరు' అని నొక్కారు."

"అవును. వదలం అనేగా."

"అది జోస్యాల పెట్టె సార్. మీరు మీ జవాబు పేజీలో కదా చెప్పాలి. అక్కడ మీట 'వదలను' అని ఉంటుంది. ఇక్కడ 'వదలరు'."

"ఒక్క అక్షరం."

"ఒక్క అక్షరమే సార్. అదంటే మీరు చెప్పడం. ఇదంటే ఎవరో చెప్తారని మీరు అనుకోవడం."

"సొంత ఆటగాడి మీద జోస్యం చెప్పనిస్తారా?"

"చెప్పకూడదని నియమం లేదు సార్. మేడమ్ రాయలేదు. అలా ఎవరన్నా చేస్తారని ఆవిడకి తట్టి ఉండదు."

"మార్చలేరా?"

"గడువు దాటింది. మిగతా పదిహేనుమందికి ఏం చెప్పను?" ఫోన్ పెట్టేయబోతే మళ్ళీ అందుకున్నాడు, "ఇంకోటి సార్, చెప్పకపోతే బాగుండదు. మీ జోస్యం కూడా తప్పు కింద పడింది. వదలరన్నారు, వాళ్ళు వదిలేశారు కాబట్టి."

వాళ్ళంటే నేనే.

వారమంతా ఆ పేజీలోనే ఉన్నాను. పన్నెండుమంది సంగతీ అక్కడే నొక్కాను. చెయ్యి అక్కడికే పోయింది. అంతే జరిగింది.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. ముందు అర్థం కాలేదు. ఫోన్ తీసుకుని రెండు పేజీలూ చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను.

"అంటే బాబాయ్, మనం వదలమని నువ్వు పందెం కాశావు."

"పందెం కాదు. జోస్యం."

"అదే. పక్కన నిలబడి."

నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఫోన్ నా చేతికిచ్చి, తలనొప్పిగా ఉందని లోపలికి వెళ్ళింది.

ఏప్రిల్ 26

ఒక ఆట. పుట్టనివాడు. దీనికింత అక్కర్లేదు.

ఏప్రిల్ 27

రేపు అడుగుతాను. ఒక్క వాక్యమే. "ఇక్కడే ఉండు." ఆఫీసులో మూడుసార్లు అనుకుని చూశాను. బాగానే ఉంది.

ఏప్రిల్ 28

అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్ళింది. అడగడానికి కుదరలేదు.

ఏప్రిల్ 29

ఇంట్లోనే ఉంది. అడగలేదు.

అడిగితే ఉంటుంది. రేపు ఏ పదేళ్ళకో, నువ్వు ఉండమన్నావనే ఉన్నానంటే ఏం చెప్పను. అక్కడ నాన్న ఉన్నాడు. మంచి కాలేజీ. ఇంట్లో మాట్లాడే ఆడమనిషి ఉంది. ఇక్కడ ఏముంది. నాకు వచ్చిన వంటలు నాలుగు. తను పోయాక నేను ఆ పిల్లతో ఒక్కసారి కూడా తన గురించి మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుస్తుందని.

అయినా ఉంటుందనే అనిపిస్తోంది. పేరు పెట్టినవాళ్ళని వదలరు. నాకు బాబాయ్ అని పేరు పెట్టారు.

అంచనా తొంభై నుంచి తగ్గించక్కర్లేదు.

ఏప్రిల్ 30, ఆదివారం

అత్తయ్య వంటింట్లో ఉంది. పదకొండింటికి అమ్మాయి నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది. నేను పేపరు చదువుతున్నాను.

"బాబాయ్. నాన్న పన్నెండింటికి ఫోన్ చేస్తాడు."

"ఊఁ."

"ఏం చెప్పను?"

పేపరు మడిచాను. ఆ ఒక్క వాక్యం తెలుసు. నోట్లోకి కూడా వచ్చింది.

"నీ ఇష్టం అమ్మా. నువ్వేం చేసినా నాకు సంతోషమే."

"సంతోషమా."

"అంటే, నీకేది మంచిదో అది."

"నీకు?"

"నాదేముంది."

నిలబడే ఉంది. పేపరు అంచు పట్టుకుని ఒక మడత విప్పింది, మళ్ళీ మడిచింది. "సరే" అని గదిలోకి వెళ్ళింది.

పన్నెండింటికి ఫోన్ మోగింది. తలుపు పూర్తిగా వేసుకోలేదు. "ఊఁ నాన్నా. బాబాయ్‌ని అడిగాను. నా ఇష్టమన్నాడు. వస్తాను. లేదు, ఏడవట్లేదు, జలుబు."

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నన్నేదో ఒకటి అని ఉంటే బాగుండేది. స్టవ్ ఆపి, సంచి తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. కూర సగం ఉడికి ఉంది.

మే 1

మీటర్లు నలభై.

మే 3

నోట్‌బుక్ వెనక అట్ట దగ్గర ఇంకో పేజీ ఉంది. మిగతావాటిలాగే రాసింది.

"మా ఆయన: జట్టు లేదు. ఎప్పుడూ రేటు చెప్పడు. ఏదడిగినా నీ ఇష్టం అంటాడు. పట్టదని కాదు. నీ ఇష్టం అంటే ఉండు అని, వెళ్ళకు అని, నువ్వు లేకపోతే నాకు తోచదు అని. ఇది తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. పిల్లకి చెప్పాలి."

కింద తేదీ లేదు. చెప్పిందో లేదో తెలియదు.

చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు అలా నిలబడి ఉండేది కాదు.

మే 4

ఆ పేజీ అమ్మాయికి చూపించాలా వద్దా అని పొద్దుటి నుంచీ. అక్కడ ఒప్పుకున్నారు, ఇక్కడ ఒప్పుకున్నారు. ఇప్పుడు చూపిస్తే మనసు విరవడం తప్ప ఏమవుతుంది. నోట్‌బుక్ బట్టల కింద పెట్టాను.

మే 6

కాలేజీ నుంచి కాగితం వచ్చింది. సంరక్షకుడి సంతకం నాదే కావాలట, ఇంతవరకూ ఉన్నది నా దగ్గర కాబట్టి. "పైన పేర్కొన్న విద్యార్థిని తరలింపునకు నాకు అభ్యంతరం లేదు." చుక్కల గీత మీద సంతకం పెట్టాను. పెన్ను సరిగ్గా రాయలేదు, అమ్మాయి తన పెన్ను ఇచ్చింది.

మే 9

పాత మీటర్లు ఒక లోడు వచ్చాయి. వాటిలో సన్నటి ధార పెట్టి చూడాలి. కుళాయి కొద్దిగా తెరిచి, గంట సేపు. బకెట్టు నిండుతుంది, ముల్లు కదలదు. నీళ్ళు వెళ్తున్న మాట నిజమే, మీటరుకే తెలియదు. అలాంటివి ఇవాళ పదకొండు. పక్కన పెట్టించాను.

స్టోరు చూసే ఆవిడ, "ఏంటి సార్, నాలుగు రోజులుగా భోజనం తెచ్చుకోవట్లేదు" అంది. మర్చిపోయానన్నాను. తన డబ్బాలో సగం మూతలో పెట్టి బెంచీ మీద పెట్టింది. తిన్నాను. రుచి అడిగితే బాగుందన్నాను.

మే 11

అమ్మాయి సామాన్లు సర్దుతోంది. అట్టపెట్టెలు తెచ్చిచ్చాను. టేపు అంటించేటప్పుడు నేను పట్టుకున్నాను, అమ్మాయి కోసింది. పనిలో ఇద్దరికీ బాగా కుదురుతుంది. ఆ విషయం ఎప్పుడూ అనుకోలేదు.

"అమ్మ కళ్ళద్దాలు నేను తీసుకెళ్ళనా?"

నీ ఇష్టం అనబోయి, "తీసుకో" అన్నాను.

"నీకు వద్దా?"

"కావాలి."

మొదటిసారి అలా అన్నాను. అమ్మాయి కళ్ళద్దాలు తిరిగి బల్ల మీద పెట్టేసింది. తీసుకెళ్ళమని మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత ఎవరం వాటిని ముట్టుకోలేదు.

మే 12

జోస్యాల పోటీ ఫలితాలు. పన్నెండుకి పదకొండు. మొదటి స్థానం. అందరూ అభినందించారు. పళ్ళ డాక్టరు కూడా.

మే 13, శనివారం

ఆయన తొమ్మిదింటికి వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. ఎండ అప్పటికే ఎక్కువగా ఉంది. రెండుసార్లు ఎక్కి దిగాక ఆయాసపడ్డాడు. మీరు కింద ఉండి సర్దండి, మిగతావి మేం తెస్తామన్నాను.

ఆఖరిది పుస్తకాల పెట్టె. నేను ఎత్తుకున్నాను. అమ్మాయి భుజానికి సంచి తగిలించుకుని నా ముందు దిగుతోంది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగాను.

"వెళ్ళొద్దు" అన్నాను.

రెండు మెట్లు దిగి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఏమన్నావ్?"

"వెళ్ళొద్దు. నా దగ్గరే ఉండు."

ఏడుస్తుందనుకున్నాను. గొంతు మామూలుగానే ఉంది. "నాన్న వచ్చి వెళ్ళిన రోజు నుంచి చూశాను బాబాయ్. అన్నం పెట్టేటప్పుడు అంటావేమో, టీ తాగేటప్పుడు అంటావేమో అని. కుళాయి బాగుచేస్తున్నప్పుడు కూడా పక్కనే నిలబడ్డాను."

"నేనడిగితే నువ్వు కాదనలేవు. అందుకే అడగలేదు."

"కాదనాలని నాకెప్పుడుంది?"

పెట్టె అంచు చేతికి కోసుకుంటోంది.

"ఇప్పుడు చెప్తే నేనేం చెయ్యను? అక్కడ ఆవిడ నా గదికి రంగు వేయించింది. ఏ రంగు కావాలని మూడుసార్లు ఫోన్ చేసి అడిగింది. నాన్న సెలవు పెట్టి వచ్చాడు. కింద వ్యానుంది."

"తెలుసు."

"తెలిసి చెప్తున్నావా?"

"తెలిసే చెప్తున్నాను."

"ఎందుకు?"

"నిజం కాబట్టి."

అప్పుడు ఏడ్చింది. చేతులు ఖాళీగా లేవు నాకు. సంచి పట్టీతో తనే కళ్ళు తుడుచుకుంది.

కింద నుంచి ఆయన పిలిచాడు. "ఇంకేమన్నా ఉన్నాయా అమ్మా?"

"ఇదొక్కటే నాన్నా. తెస్తున్నా."

రెండు మెట్లు ఎక్కి వచ్చింది. పెట్టె కింద చేతులు పెట్టింది.

"బరువు. నేను తెస్తాను" అన్నాను.

"కిందికి రాకు బాబాయ్. నువ్వొస్తే నేను ఎక్కలేను."

ఇద్దరం పట్టుకునే ఉన్నాం. తను లాగలేదు, నేను ఇవ్వలేదు. వీధిలో వ్యాను హారన్ ఒక్కసారి చిన్నగా మోగింది.

ఇచ్చాను.